మూడా, ఏడా?

మూడుకీ ఏడుకీ మధ్య తేడా నాలుగు. 1963 తొలినెలల్లో ప్రపంచంలోని అణ్వస్త్ర పరీక్షలన్నిటినీ ఒక్క ఒప్పందంతో ఆపివేయడానికి, పైకి కనబడినంతవరకూ, అడ్డుగా నిలిచిన అంకె ఇదే. తమ గడ్డ మీద అనుమానం కలిగించే ప్రకంపనలు నమోదైతే ఏడాదికి మూడుసార్లు వచ్చి చూసుకోవచ్చునని సోవియట్ యూనియన్ అన్నది. కనీసం ఏడుసార్లు రానివ్వాలని అమెరికా పట్టుబట్టింది. పశువుల సంతలో బేరమైతే మధ్యవర్తి తువ్వాలు కింద వేళ్ళు నొక్కి ఐదు దగ్గర తెగ్గొట్టేవాడు. జెనీవాలో ఆ పని చేయగలవాడు లేకపోయాడు. ఆ ఆగస్టులో మాస్కోలో సంతకాలు జరిగిన ఒప్పందం గాలిలోనూ, నీటిలోనూ, అంతరిక్షంలోనూ పరీక్షలను నిషేధించి, నేల కింద పరీక్షలను అలాగే వదిలివేసింది. చరిత్ర పుస్తకాలు దానిని "పాక్షిక నిషేధ ఒప్పందం" అని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగిపోతాయి. నాకు మాత్రం ఆ ఒప్పందం కంటే దాని ముందున్న "పాక్షిక" అనే విశేషణమే ఎక్కువ ఆసక్తికరంగా తోస్తుంది. దాని వెనుక తొమ్మిదేళ్ళ కథ ఉన్నది.

కథ 1954 మార్చి 1న పసిఫిక్ మహాసముద్రంలోని బికినీ పగడపు దీవుల్లో మొదలవుతుంది. ఆనాడు అమెరికా పేల్చిన హైడ్రోజన్ బాంబు, తయారుచేసినవారి అంచనాకు రెండున్నర రెట్ల శక్తితో, అంటే 15 మెగాటన్నుల శక్తితో పేలింది. హిరోషిమా బాంబుకు ఇది దాదాపు వేయి రెట్లు. గాలివాటున కొట్టుకుపోయిన రేడియోధార్మిక ధూళి రోంగెలాప్ దీవివాసుల మీదా, దూరాన చేపలు పట్టుకుంటున్న ఒక జపాను పడవ మీదా తెల్లటి బూడిదలా రాలింది. ఆ పడవ పేరు, ఎంత విపరీతమో చూడండి, అదృష్ట నాగం. అందులోని 23 మంది జాలరులూ జబ్బుపడ్డారు. వారిలో రేడియో ఆపరేటరు కుబోయామా ఆ సెప్టెంబరులో చనిపోయాడు. బాంబు పడినచోట మాత్రమే చంపుతుందన్న భ్రమ అక్కడితో పోయింది. పరీక్ష కూడా యుద్ధంలాగే ఎవరినో ఒకరిని చంపగలదు, ఆ ఎవరో ఆ తగవులో ఏ పక్షానికీ చెందనివాడు కావచ్చు.

నెల తిరగగానే, ఏప్రిల్ 2న, నెహ్రూ లోక్‌సభలో లేచి, నిరాయుధీకరణ ఒప్పందాలు కుదిరేదాకా ఆగనక్కరలేదనీ, ముందు ఈ పేలుళ్ళనైనా ఎక్కడివక్కడ నిలిపివేయాలనీ ప్రతిపాదించాడు. పరీక్షల నిలిపివేతను నిరాయుధీకరణ అనే పెద్ద మూటలోంచి విడదీసి, విడిగా చర్చించదగిన విషయంగా ముందుకు తెచ్చిన మొదటి ప్రభుత్వాధినేత ఆయనే. ఇది చిన్న విషయం కాదు. 1945 తరువాతి నిరాయుధీకరణ చర్చలన్నీ అంతా లేదా ఏమీ వద్దు అన్న ధోరణిలో నడిచి, ఏమీ లేకుండానే ముగిసేవి. నెహ్రూ సూచన ఆ మూటలోంచి ఒక పోగు లాగింది. పెద్ద రాజ్యాలు అప్పట్లో దానిని పట్టించుకోలేదనుకోండి. నెహ్రూ విధానాలతో ఎన్నోచోట్ల విభేదించిన రాజాజీ సైతం ఈ ఒక్క విషయంలో ఆయన కంటే తీవ్రంగా పోరాడాడు. 1962 సెప్టెంబరులో ఎనభైమూడేళ్ళ వయసులో వాషింగ్టన్ వెళ్ళి, పరీక్షలు ఆపమని కెనెడీని ముఖాముఖి అడిగివచ్చాడు.

ఇంతలో అమెరికా తల్లులు మరొక దారిన ఈ విషయంలోకి వచ్చారు. ధూళిలోని స్ట్రాన్షియం-90 గడ్డి మీద పడి, ఆవు పాలలోకి, పాల నుంచి పిల్లల ఎముకల్లోకి చేరుతుంది. శరీరం దానిని కాల్షియం అనుకుని పొరబడుతుంది. 1958లో సెయింట్ లూయిస్ నగరంలో కొందరు వైద్యులూ, శాస్త్రవేత్తలూ, గృహిణులూ కలిసి పిల్లల ఊడిన పాలపళ్ళను సేకరించి పరీక్షించడం మొదలుపెట్టారు. లక్షల సంఖ్యలో పళ్ళు వచ్చాయి. మన ఊళ్ళలో ఇంటికప్పు మీదికి విసిరేసే పాలపన్ను అక్కడ రాజకీయ సాక్ష్యమయింది.

1958 మార్చి 31న సోవియట్ యూనియన్ తన పరీక్షలను ఏకపక్షంగా ఆపుతున్నట్టు ప్రకటించింది. అప్పటికే తన పరీక్షల వరుస ఒకటి పూర్తిచేసుకుని, అమెరికా వరుస మొదలుకాబోతున్న వేళ చేసిన ప్రకటన అది. పుణ్యమూ పురుషార్థమూ రెండూ కలిసివచ్చాయన్నమాట. అయినా దాని ఒత్తిడి పనిచేసింది. ఆ వేసవిలో, జులై 1 నుంచి ఆగస్టు 21 దాకా, జెనీవాలో నిపుణుల సమావేశం జరిగింది. అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, కెనడా ఒకవైపు, సోవియట్ యూనియన్, పోలండ్, చెకోస్లొవేకియా, రుమేనియా మరొకవైపు. వచ్చినవారు ఎక్కువగా శాస్త్రవేత్తలు. వారి ముందున్న ప్రశ్న ఒక్కటే: ఎవరైనా దొంగచాటుగా బాంబు పేలిస్తే కనిపెట్టగలమా?

గాలిలో పేలితే దాచడం కష్టం. ధూళి వేల మైళ్ళు పోతుంది, ధ్వని తరంగాలు భూగోళాన్ని చుట్టివస్తాయి. చిక్కంతా నేల కింద పేలుడుతోనే. అది పంపే సందేశం భూకంపం పంపే సందేశంలాగే ఉంటుంది. రెంటినీ వేరుచేయడానికి ఆనాటి శాస్త్రవేత్తలు నమ్ముకున్న సూత్రం సులభమైనదే. బాంబు తన చుట్టూ ఉన్న రాతిని అన్ని దిక్కులకూ ఒకేసారి నెడుతుంది. కాబట్టి ఏ దిక్కున ఉన్న భూకంపలేఖినిలోనైనా మొట్టమొదటి కదలిక బయటికి నెట్టినట్టే కనబడాలి. భూకంపంలో రెండు రాతి పలకలు ఒకదానినొకటి ఒరుసుకుంటూ జారతాయి. అందువల్ల కొన్ని దిక్కుల్లో నెట్టినట్టు, కొన్ని దిక్కుల్లో లాగినట్టు ఉంటుంది. అయితే పేలుడు చిన్నదై, యంత్రం దూరాన ఉంటే ఆ మొదటి కదలిక నేల సహజంగా చేసే సన్నని గజిబిజిలో కలిసిపోతుంది. అప్పుడది బాంబో భూకంపమో చెప్పడానికి అక్కడికి వెళ్ళి చూడడం తప్ప దారిలేదు. ఏడాదికి ఎన్నిసార్లు వెళ్ళాలన్న ప్రశ్న పుట్టింది ఇక్కడే.

నిపుణులు మొత్తం మీద ఏకాభిప్రాయానికి వచ్చారు. భూమి మీద 160 నుంచి 180 నియంత్రణ కేంద్రాలు, సముద్రాల మీద 10 ఓడలు పెడితే, అవసరమైనచోట తనిఖీల సాయంతో, 5 కిలోటన్నుల దాకా పేలుళ్ళను పసిగట్టవచ్చునన్నారు. ఐసెన్‌హోవర్ మరునాడే ఒక ఏడాదిపాటు పరీక్షలు ఆపడానికి సంసిద్ధత తెలిపాడు. అక్టోబరు 31న జెనీవాలో మూడు అణురాజ్యాల సంప్రదింపులు మొదలయ్యాయి. నవంబరు మొదటివారం తరువాత ప్రపంచంలో ఎక్కడా బాంబు పేలలేదు. దాదాపు పదిహేను నెలలపాటు భూమి మీద అణువిస్ఫోటనమే లేని కాలం అది.

కాని ఆ నిపుణులు కట్టిన మేడకు పునాది ఒకే ఒక్క పరీక్ష. 1957 సెప్టెంబరు 19న నెవాడాలో ఒక కొండలోపల జరిగిన 1.7 కిలోటన్నుల "రెయినియర్" తప్ప అప్పటికి పూర్తిగా నేల కింద జరిగి, లెక్కలు బయటికి వచ్చిన పరీక్ష మరొకటి లేదు. దాని గురించి ఒక ముచ్చట చెప్పుకోవాలి. 1958 మార్చిలో అమెరికా అణుశక్తి సంఘం ఒక ప్రకటన చేస్తూ, రెయినియర్ ప్రకంపనలు 250 మైళ్ళకు మించి అందలేదన్నది. అంటే తనిఖీ వ్యవస్థ సాధ్యం కాదనే వాదానికి బలం చేకూర్చే మాట. వాషింగ్టన్‌లో ఇంట్లో కూర్చుని తన పేరుతోనే ఒక చిన్న వారపత్రిక నడుపుకునే ఐ. ఎఫ్. స్టోన్ అనే పాత్రికేయుడికి ఇది నచ్చలేదు. పేలుడు జరిగినప్పుడు దూరదేశాల్లో దానిని నమోదు చేశారన్న చిన్న వార్తలేవో పాత పేపర్లలో చూసిన గుర్తు. నేరుగా ప్రభుత్వ భూకంప పరిశీలన శాఖకు పోయి అడిగాడు. అక్కడివారు అమాయకంగా జాబితా తీసి ఇచ్చారు. 2,300 మైళ్ళ దూరంలోని అలాస్కాలో కూడా అది నమోదయింది! అణుశక్తి సంఘం తన ప్రకటనను సవరించుకోక తప్పలేదు. సున్నా ఒకటి జారిపోయిందని సరిపెట్టుకుందామన్నా 250 ఎక్కడ, 2,300 ఎక్కడ?

ఈ ముచ్చట విని తప్పంతా ఒకవైపే ఉందనుకుంటే పొరబాటు. 1958 అక్టోబరులో, విరామానికి సరిగ్గా ముందు, అమెరికా మరికొన్ని భూగర్భ పరీక్షలు చేసింది. వాటి లెక్కలు చూస్తే రెయినియర్ నుంచి వేసిన అంచనాలు మరీ ఆశావహంగా ఉన్నట్టు తేలింది. మొదటి కదలిక అనుకున్నంత స్పష్టంగా దొరకడంలేదు, సందేహంలో మిగిలిపోయే భూకంపాల సంఖ్య అనుకున్నదాని కంటే ఎక్కువ. 1959 జనవరిలో అమెరికా ప్రతినిధులు ఈ లెక్కలు బల్ల మీద పెట్టగానే సోవియట్ ప్రతినిధి త్సరాప్కిన్ వాటిని ముట్టుకోవడానికే నిరాకరించాడు. నిపుణులందరూ సంతకాలు చేశాక మళ్ళీ ఈ పేచీ ఏమిటని ఆయన వాదం. రాజకీయంగా ఆలోచిస్తే ఆయన అనుమానం అర్థంచేసుకోదగినదే. విజ్ఞానం మాత్రం సంతకాలను లెక్కచేయదు కదా.

దీనికి తోడు అదే ఏడాది ర్యాండ్ సంస్థలో పనిచేసే ఆల్బర్ట్ లాటర్ ఒక కొత్త సిద్ధాంతం తెచ్చాడు. లోతుగా, ఉప్పుగనుల వంటిచోట, ఒక పెద్ద గుహ తొలిచి, దాని నడుమ బాంబు వేలాడదీసి పేలిస్తే దెబ్బ రాతికి సరిగా తగలదు. ప్రకంపన మూడువందల వంతుకు తగ్గిపోవచ్చునని లెక్క. ఒక్క కిలోటన్ను పేలుడుకు సుమారు పాతిక మీటర్ల వ్యాసార్ధం గల గుహ కావాలి, అదీ దాదాపు కిలోమీటరు లోతున. అంత మట్టి తవ్వి ఎవరికీ తెలియకుండా ఎక్కడ పోస్తారన్న ప్రశ్నకు లాటర్ సమాధానం చెప్పనక్కరలేదు. ఆయన గణితం సరైనదైతే చాలు. దానిని సరిచూసినవారిలో హాన్స్ బెతె ఒకడు. ఆయన పరీక్షల నిషేధాన్ని మనసా వాచా కోరినవాడు. లెక్క సరైనదేనని ఒప్పుకోవడమే కాక, 1959 చివరలో జెనీవాలో రష్యను శాస్త్రవేత్తలకు దానిని వివరించే బాధ్యత కూడా ఆయన మీదే పడింది. ఎదుటివాడు అంత భారీ మోసానికి తెగిస్తాడని వాడి ముఖం మీదే చెబుతున్నట్టు ఉండి సిగ్గుపడ్డానని ఆ తరువాత రాసుకున్నాడు. ఈ మొత్తం కథలో నాకు గౌరవం కలిగించే మనుషుల్లో బెతె ముందుంటాడు. తనకు ఇష్టమైన ఒప్పందాన్ని దెబ్బతీసే నిజాన్ని దాచుకోలేదు.

(1966లో మిసిసిపీలోని ఒక భూగర్భ ఉప్పు నిక్షేపంలో నిజమైన బాంబుతోనే ఈ గుహ ప్రయోగం చేశారు. ప్రకంపన తగ్గిన మాట నిజమే కాని మూడువందల వంతుకు కాదు, సుమారు డెబ్బయ్యో వంతుకు.)

1960 ఫిబ్రవరి 11న ఐసెన్‌హోవర్ మధ్యేమార్గం సూచించాడు. భూకంపమానంలో 4.75 అంకెకు పైబడి కదలిక పుట్టించే భూగర్భ పరీక్షలను మాత్రం నిషేధిద్దాం, చిన్నవాటిని తరువాత చూద్దాం. ఏడాదికి ఇరవై తనిఖీలు కావాలని అమెరికా అడిగింది. చిన్న పరీక్షలను కూడా కొంతకాలం స్వచ్ఛందంగా ఆపుదామన్న షరతుతో మార్చిలో సోవియట్లు దాదాపుగా ఒప్పుకున్నారు. తనిఖీల సంఖ్యను మే నెలలో పారిస్ శిఖరాగ్ర సమావేశంలో నాయకులే తేల్చుకుంటారని అందరూ ఆశపడ్డారు. మే 1న రష్యా నడిబొడ్డున అమెరికా గూఢచారి విమానం యూ-2 కూలింది. పారిస్ సమావేశం మొదలవకుండానే ముగిసింది.

ఇక్కడ కాస్త ఆగి, తనిఖీ అంటే సోవియట్ నాయకత్వానికి అంత బెదురెందుకో ఆలోచించాలి. గూఢచర్యం భయం అని వాళ్ళే అనేవారు. అమెరికావారు దానిని సాకు అనేవారు. నిజానికి అది సాకు కాదు. అయితే దాచవలసింది బలాన్ని కాదు, బలహీనతను. క్రుశ్చేవ్ తన క్షిపణులు కారఖానాల్లో బారులుతీరి వస్తున్నట్టు ప్రపంచాన్ని నమ్మించాడు. అమెరికాలో ఎన్నికలే ఆ క్షిపణుల లోటు మీద నడిచాయి. ఉపగ్రహ ఛాయాచిత్రాలు చేతికొచ్చాక, 1961 సెప్టెంబరులో, సోవియట్ల దగ్గరున్న ఖండాంతర క్షిపణులు పది నుంచి పాతికలోపేనని అమెరికా గూఢచారి సంస్థలు తేల్చాయి. సైబీరియాలో ఒక లోయను తవ్వి చూడడానికి వచ్చిన విదేశీయుడు దారిలో ఏం చూస్తాడన్నది కాదు, ఏం చూడడన్నదే వాళ్ళ బెంగ. ఖాళీ గాదెకు తాళం వేసుకున్న రైతు అప్పులవాణ్ణి పెరట్లోకి రానిస్తాడా?

1961 వేసవిలో బెర్లిన్ తగవు ముదిరింది. ఆగస్టు 30న సోవియట్ యూనియన్ పరీక్షలు తిరిగి మొదలుపెడుతున్నట్టు ప్రకటించి, సెప్టెంబరు 1న మొదలుపెట్టింది. అక్టోబరు 30న నోవాయా జెమ్ల్యా దీవి పైన 50 మెగాటన్నుల బాంబు పేల్చింది. మనిషి ఇంతవరకూ అంతకంటే పెద్దది పేల్చలేదు. అమెరికా సెప్టెంబరులోనే నేల కింద, మరుసటి ఏప్రిల్ నుంచి పసిఫిక్ గాలిలో బదులు చెప్పింది. 1962లో పేలినన్ని బాంబులు మరి ఏ ఏడాదిలోనూ పేలలేదు.

ఆ 1962 మార్చిలోనే జెనీవాలో పద్ధెనిమిది రాజ్యాల నిరాయుధీకరణ సంఘం కూర్చుంది. (ఫ్రాన్స్ కుర్చీ ఖాళీ. డిగాల్ రాలేదు.) రెండు కూటములతోపాటు తటస్థ రాజ్యాలు ఎనిమిదింటికి మొదటిసారి బల్ల దగ్గర చోటు దొరికింది: భారత్, బర్మా, ఈజిప్టు, ఇథియోపియా, నైజీరియా, బ్రెజిల్, మెక్సికో, స్వీడన్. భారత ప్రతినిధి ఆర్థర్ లాల్. ఏప్రిల్ 16న ఆ ఎనిమిది రాజ్యాలూ ఉమ్మడిగా ఒక పత్రం ఇచ్చాయి. శాస్త్రవేత్తల అంతర్జాతీయ సంఘం ఒకటి ఉండాలి. అనుమానాస్పదమైన సంఘటన జరిగిన దేశం ఆ సంఘానికి వివరాలివ్వాలి, వచ్చి చూడమని పిలవవచ్చు. పిలవాలా, పిలవవచ్చా అన్నచోట ఆ పత్రం ఉద్దేశపూర్వకంగానే అస్పష్టంగా ఉంది. తప్పనిసరి తనిఖీ అని అమెరికా చదువుకున్నది, ఐచ్ఛికమని సోవియట్లు చదువుకున్నారు. ఇరుపక్షాలూ ఆ పత్రాన్ని మెచ్చుకున్నాయి! అస్పష్టత దౌత్యంలో ఒక్కోసారి గుణమే. కాని దాని గడువు తక్కువ.

అక్టోబరులో క్యూబా సంక్షోభం వచ్చింది. ప్రపంచం అంచుదాకా వెళ్ళి తిరిగి వచ్చింది. ఆ వణుకు తగ్గకముందే, డిసెంబరు 19న, క్రుశ్చేవ్ కెనెడీకి ఉత్తరం రాశాడు. ఏడాదికి రెండు మూడు తనిఖీలకు ఒప్పుకుంటున్నామనీ, మనుషులు లేకుండా పనిచేసే భూకంపలేఖినుల పెట్టెలు మూడింటిని తమ దేశంలో పెట్టనిస్తామనీ అందులోని సారాంశం. కొంతకాలంగా తనిఖీ అన్న మాటనే వినిపించుకోనివాడు దానికి మళ్ళీ ఒప్పుకోవడమే పెద్ద విషయం. అందులో మరొక సంగతి ఉంది. రెండు నుంచి నాలుగు తనిఖీలు చాలునని అమెరికా ప్రతినిధి ఆర్థర్ డీన్ స్వయంగా తమ ఉపవిదేశాంగమంత్రి కుజ్‌నెత్సోవ్‌తో అన్నాడని క్రుశ్చేవ్ రాశాడు. కెనెడీ ఆశ్చర్యపోయాడు. డీన్‌ను అడిగితే తాను అన్నది ఎనిమిది నుంచి పది అన్నాడు. కెనెడీ శాస్త్ర సలహాదారు వీజ్‌నర్ కూడా ఒక సోవియట్ శాస్త్రవేత్తతో మాటల్లో, మీరు మూడో నాలుగో అంటే మేము ఏడో ఎనిమిదో అంటాం, చివరికి ఐదు దగ్గర కలవచ్చు అన్న అర్థంలో చెప్పాడట. ఇంతకీ ఎవరు ఎవరితో ఏ అంకె అన్నారన్నది ఇప్పటికీ చరిత్రకారులకు చర్చనీయాంశమే. నా అభిప్రాయమేమంటే, వినాలనుకున్న అంకెనే ఎవరికివారు విన్నారు. మాస్కోకు చేరిన నివేదిక "మూడుకు బేరం కుదురుతుంది" అన్నది. వాషింగ్టన్‌లో ఉన్న ఆలోచన "మూడు వాళ్ళ మొదటి మాట, చివరి మాట కాదు" అన్నది.

కెనెడీ పది నుంచి ఎనిమిదికీ, 1963 ఫిబ్రవరికల్లా ఏడుకూ దిగాడు. అంతకంటే దిగితే సెనేట్‌లో మూడింట రెండు వంతుల ఓట్లు రావని ఆయన లెక్క. అది వట్టి భయం కాదు, ఏడు కూడా ఎక్కువ రాయితీయే అని అరిచేవారు అక్కడ చాలామంది ఉన్నారు. అటు క్రుశ్చేవ్ ఇబ్బంది మరో రకం. ఏప్రిల్‌లో నల్లసముద్రం ఒడ్డున గాగ్రాలో తనను కలిసిన అమెరికను పత్రికా సంపాదకుడు నార్మన్ కజిన్స్‌తో ఆయన తన గోడు వెళ్ళబోసుకున్నాడు. మూడు ఇస్తే ఒప్పందం ఖాయమని తన మంత్రివర్గానికి నచ్చజెప్పి ఒప్పించాననీ, తీరా ఇచ్చాక అమెరికా అంకె పెంచేసరికి అందరి ముందూ వెర్రివాణ్ణయ్యాననీ, మళ్ళీ వెళ్ళి ఇంకా ఎక్కువ ఇద్దామని అడగలేననీ ఆ మాటల సారం. వాషింగ్టన్‌కు మూడు బేరం ఆరంభం. క్రుశ్చేవ్‌కు అది, ఇంటివాళ్ళను ఒప్పించి, పెట్టెలోంచి తీసి ఇచ్చిన ఆఖరి రూపాయి.

ఈ గొడవలో విచిత్రమేమిటంటే, "తనిఖీ" అంటే ఏమిటో ఎవరూ తేల్చలేదు. ఒక తనిఖీకి ఎన్ని చదరపు మైళ్ళు వెదకవచ్చు? ఎందరు వస్తారు? హెలికాప్టరు ఎవరిది? నేలలో రంధ్రాలు తవ్వనిస్తారా? అమెరికావారు ఈ వివరాలు ముందు మాట్లాడదామన్నారు. ముందు అంకె ఒప్పుకోండి, తరువాతే వివరాలన్నారు సోవియట్లు. విశాలమైన ప్రాంతంలో తీరిగ్గా తవ్వి చూడనిచ్చే మూడు తనిఖీలు, రహదారి పక్కన నిలబెట్టి చూపించి పంపే ఏడు తనిఖీల కంటే విలువైనవి కావూ? ఆ మాట జెనీవాలో కూర్చున్నవారందరికీ తెలుసు. అంకె మాత్రమే పేపర్లో పడుతుంది, అంకె మాత్రమే సెనేట్‌లోనూ మంత్రివర్గంలోనూ అర్థమవుతుంది. వస్తువేమిటో చూడకుండా ధర దగ్గరే తెగిపోయిన బేరమది.

ఆ పైన జరిగినది వేగంగా జరిగింది. జూన్ 10న కెనెడీ ఒక విశ్వవిద్యాలయ స్నాతకోత్సవంలో రష్యను ప్రజల బాధలను గౌరవంగా స్మరిస్తూ మాట్లాడాడు. అమెరికా గాలిలో పరీక్షలు ముందుగా మొదలుపెట్టదని ప్రకటించాడు. జులై 2న క్రుశ్చేవ్ తూర్పు బెర్లిన్‌లో, భూగర్భాన్ని వదిలేసి మిగిలిన మూడుచోట్లా నిషేధిద్దామన్నాడు. ఈ మూడింటికీ తనిఖీ అక్కరలేదు. జులై 15న మాస్కోలో హారిమన్, హెయిల్‌షామ్, గ్రోమికోలు కూర్చుని, 25 నాటికి పొడి సంతకాలు పెట్టారు. అయిదేళ్ళు తెగనిది పదిరోజుల్లో తెగింది. తెగని భాగాన్ని కోసి పక్కన పెట్టేశారు కాబట్టి. ఆగస్టు 5న అసలు సంతకాలు. 8న మిగిలిన రాజ్యాలకు తలుపు తెరిచినరోజే భారత్ సంతకం చేసింది. అమెరికా సెనేట్ సెప్టెంబరు 24న 80-19 ఓట్లతో ఆమోదించింది. ఆ ఓట్ల కోసం కెనెడీ తన సైన్యాధిపతులకు ఇచ్చిన మొట్టమొదటి హామీ: నేల కింద పరీక్షలను జోరుగా కొనసాగిస్తామని.

హామీ నిలబెట్టుకున్నారు. 1945 నుంచి 1992 వరకు అమెరికా జరిపిన 1,030 పరీక్షలలో 800కు పైగా నేల కిందివే. సోవియట్ల 715లో దాదాపు 500 అలాంటివే. ఒకే క్షిపణి మీద అనేక బాంబులు అమర్చే చిన్న, తేలిక యుద్ధశీర్షాలు ఆ సొరంగాలలోనే రూపుదిద్దుకున్నాయి. పరీక్ష కంటికి కనబడకుండా పోయేసరికి జనంలో కోపమూ చల్లారింది. పాలపళ్ళు పంపిన తల్లులు ఇళ్ళకు వెళ్ళిపోయారు. ఒప్పందం వ్యర్థమని నేననడంలేదు. అమెరికా, రష్యాల ధూళి ఆగింది. పిల్లల ఎముకల్లో స్ట్రాన్షియం తగ్గింది. అది మామూలు లాభం కాదు. ఐతే ఆ లాభం ఆరోగ్యశాఖకు చెందినది, ఆయుధపోటీకి సంబంధించినది కాదు.

మనవైపు నుంచి చూస్తే ఇందులో మరో మెలిక ఉంది. సంపూర్ణ నిషేధం కోసం అందరికంటే ముందు గొంతెత్తిన దేశం మనది. ఆ "పాక్షిక" అన్న సందులోంచే 1974 మే 18న పోఖ్రాన్‌లో మనమూ దూరాం, 1998లో మళ్ళీ దూరాం. అన్నీ నేల కిందే, కాబట్టి 1963 ఒప్పందాన్ని మీరినట్టు కాదు. నెహ్రూ అడిగినదంతా 1963లో దొరికివుంటే ఆయన కూతురు చేతులు కట్టుబడి ఉండేవి.

తనిఖీల తగవు వల్ల ఊహించని మేలు ఒకటి జరిగింది. బాంబును భూకంపం నుంచి వేరుచేయడం చేతకాలేదు కనుక, అమెరికా భూకంపశాస్త్రం మీద డబ్బు కుమ్మరించింది. ఒకే రకం యంత్రాలతో వందకు పైగా కేంద్రాలను దేశదేశాల్లో నెలకొల్పారు. మనదేశంలో షిల్లాంగ్, ఢిల్లీ, పుణె, కొడైకెనాల్ అందులోవే. ఆ కేంద్రాలు గీసిన గీతలనుంచే భూమి పైపొర పలకలుగా విడిపోయి కదులుతున్నదన్న సిద్ధాంతానికి గట్టి సాక్ష్యం దొరికింది. బ్రిటన్ సహకారంతో మన అణుశక్తి శాస్త్రవేత్తలు 1960ల నడుమ గౌరీబిదనూరులో ఇరవై యంత్రాలను ఇంగ్లీషు ఎల్ అక్షరం ఆకారంలో పరిచి ఒక కేంద్రం కట్టారు. ఇది కర్ణాటకలోనే ఉన్నా హిందూపురానికి కూతవేటు దూరం, చుట్టూ తెలుగు వినబడే ఊళ్ళే. సైబీరియాలోనూ చైనాలోనూ పేలిన బాంబుల గుండెచప్పుడు విన్న నేల అది. బాంబు లోతట్టు తరంగాలు గట్టిగా పంపినా, నేల పైన పాకే తరంగాలు దానికి బలహీనంగా ఉంటాయన్న కొత్త సూత్రం ఆ దశకంలోనే కుదురుకుంది. భూకంపంలో రెండూ బలంగానే ఉంటాయి. 1958లో నిపుణులను ఏడిపించిన సందేహాలలో అధికభాగం దానితో తీరిపోయింది. అప్పటికి బేరసారాలు ముగిసిపోయాయి.

అధికభాగమే, అంతా కాదు. 1998 మే 13న మనం పేల్చామని చెప్పిన కిలోటన్నులోపు చిన్న పేలుళ్ళను అంతర్జాతీయ భూకంప కేంద్రాలు పట్టుకోలేకపోయాయి. 2006లో ఉత్తర కొరియా పేల్చినది కూడా కిలోటన్నుకు తక్కువే, కాని దానిని దూరదేశాల కేంద్రాలు ఎన్నో నమోదుచేశాయి.

క్రుశ్చేవ్ మూడు దగ్గర ఆగిన తలుపును గోర్బచేవ్ తెరిచాడు. 1986 జులైలో అమెరికా నుంచి వచ్చిన ప్రభుత్వేతర శాస్త్రవేత్తలు సెమిపలాటిన్స్క్ పరీక్షాస్థలం చుట్టుపక్కల తమ యంత్రాలు పెట్టుకున్నారు. 1987లో మధ్యశ్రేణి క్షిపణుల రద్దు ఒప్పందం కుదిరినప్పుడు, మొదటి మూడేళ్ళలో ఏడాదికి ఎన్ని ఆకస్మిక తనిఖీలకు ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయో తెలుసా? ఇరవై. సరిగ్గా 1960లో అమెరికా అడిగి, అది గూఢచర్యం కాదా అని తిట్టించుకున్న సంఖ్య. (ఆ ఒప్పందం కూడా 2019లో రద్దయిపోయింది.)

సంపూర్ణ నిషేధ ఒప్పందం ఎట్టకేలకు 1996 సెప్టెంబరు 24న సంతకాలకు వచ్చింది. అణురాజ్యాలు తమ ఆయుధాలను వదులుకునే గడువేదీ అందులో లేదన్న కారణంతో జెనీవాలో దానిని అడ్డుకున్న దేశం మనదే. 1999లో అమెరికా సెనేట్ దానిని తిరస్కరించింది. 2000లో ఆమోదించిన రష్యా 2023 నవంబరులో ఆ ఆమోదాన్ని వెనక్కు తీసుకుంది. ఒప్పందం ఇంకా అమలులోకి రాలేదు, దాని కోసం కట్టిన భూకంప కేంద్రాలు మాత్రం రాత్రింబవళ్ళు పనిచేస్తున్నాయి. అందులో తనిఖీలకు ఏడాది కోటా ఏదీ లేదు. మూడూ లేదు, ఏడూ లేదు. అనుమానం వచ్చిన దేశం అడగాలి, 51 మంది సభ్యుల కార్యనిర్వాహక మండలిలో 30 మంది సరేననాలి. ఆ మండలి ఇంతవరకూ ఏర్పడలేదు.